నాకు కావలి కాసిన వాడకట్టు

పగిలిన బండను మంచి బండల వరుసలో పెట్టించిన రోజు నాకు బాగా గుర్తుంది. "ఎప్పటినుంచి బాగా లేదు?" అని తరువాత వికారాబాద్‌లో డాక్టర్ అడిగితే నేను చెప్పింది ఆ రోజే.

నాది తాండూరు. బండల గనిలో మేస్త్రీ పని. భూమిలో నుంచి పొరలు పొరలుగా లేపిన నాపరాళ్లను సుత్తితో తట్టి, ఏది మంచిది, ఏది లోపల చీలింది అని వేరు చెయ్యాలి. మంచి బండ గంటలా మోగుతుంది. చీలిన బండ పాత కుండలా పలుకుతుంది. నలభై ఎనిమిదిలో పోలీస్ యాక్షన్ నాటికి నాకు ఇరవై ఐదేళ్లు. అప్పటికే ఆ పనిలో ఉన్నాను. నేను చదివింది ఉర్దూ బడిలో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, అందుకని రాతలో తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

అరవై ఒకటో సంవత్సరం, దసరా దాటింది. గనిలో నిలిచిన వాన నీళ్లు తోడించి పని మొదలుపెట్టాం. ఆ రోజు ఎప్పటిలాగే బండను తట్టాను. చప్పుడు చెవికి వినిపించింది. కాని అది నాకేమీ చెప్పలేదు. మంచిదో చెడ్డదో తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పక్కకు పెట్టండి అని చెయ్యి ఊపాను.

గనిలో నాకంటే పెద్ద, రాయి కొట్టడంలో అందరికీ గురువు లాంటివాడు మహబూబ్ భాయి. ఆయన వచ్చి ఆ బండను వేలి కణుపుతో తట్టి నా దిక్కు చూశాడు.

"మల్లేశం, గిది పగిలిన బండ గదా. గీడ ఎందుకు పెట్టిచ్చినవ్?"

"చూసుకోలే భాయి" అన్నాను. అన్నేళ్లలో అది నా మొదటి తప్పు. సిగ్గు పడాల్సింది. ఏమీ అనిపించలేదు. అదే నాకు వింతగా తోచింది.

ఆ తరువాత ఒక్కొక్కటే పోయాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. రొట్టె గాని అన్నం గాని నోట్లో తడిసిన కాగితంలా ఉండేది. ఏ అంగీ తొడుక్కోవాలో తేల్చుకోలేక పొద్దున్నే మంచం మీద చాలాసేపు కూర్చునేవాడిని. మా బిడ్డ సావిత్రికి అప్పుడు పదకొండేళ్లు. బడి నుంచి రాగానే జరిగినవన్నీ నాకు చెప్పేది. నేను వినేవాడిని, జవాబు దొరికేది కాదు. కొన్నాళ్లకు ఆమె నాకు చెప్పడం మానేసి వాళ్లమ్మకు చెప్పడం మొదలుపెట్టింది. అది చూసి, మంచిదే, అలవాటు పడుతున్నది అనుకున్నాను. ఒక తండ్రికి అలాంటి మాట తోచిందంటే ఆ తల ఎంత చెడిపోయి ఉండాలి. అప్పుడు మాత్రం అది చాలా తెలివైన ఆలోచనలా కనిపించింది.

"ఏమైతుంది నీకు? జర చెప్పరాదు" అనేది నా భార్య నర్సమ్మ.

"ఏం లేదు" అనేవాడిని. అబద్ధం చెప్పాలని కాదు. ఉన్నదానికి పేరు తెలియదు.

తాండూరులో డాక్టర్ కళ్ల కింది రెప్పలు లాగి చూసి "కొంచెం అనీమియా, జనరల్ వీక్‌నెస్" అన్నాడు. బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు, ఒక టానిక్ రాశాడు. అవి అయిపోయేసరికి ఇంకా చిక్కిపోయాను. గనిలో పనిచేసేవాళ్లకు రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతాయనీ, టీబీ వస్తుందనీ అందరికీ భయం. అందుకని వికారాబాద్ పోయి ఎక్స్‌రే తీయించాం. రెండు రోజులకు రిపోర్టులు చేతికిచ్చి అక్కడి డాక్టర్ నవ్వుతూ చెప్పాడు: "చెస్ట్ క్లియర్. కఫం టెస్ట్ నెగెటివ్. బ్లడ్, యూరిన్ అన్నీ నార్మల్. ఏ ఫికరూ పెట్టుకోకండి."

నర్సమ్మ ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను వరండాలో బల్ల మీద కూర్చుండిపోయాను. జబ్బు లేదంటే, ఉన్న తప్పంతా నాదే. నేను పనికిరానివాడిని, సోమరిని, ఇంటికి బరువును. ఎక్స్‌రే కూడా అదే తేల్చింది అనుకున్నాను. ఆ రిపోర్టు రాసినవాళ్లు ఊహించి కూడా ఉండరు, ఆ నార్మల్ అనే మాట నన్ను ఎంత లోతుకు తోసిందో.

అక్కడి నుంచి నర్సమ్మ నన్ను అనంతగిరి తీసుకుపోయింది. పద్మనాభస్వామికి మొక్కింది. ఇంకో వారం తాండూరులో దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. వీటిని నేను ఎన్నడూ తక్కువ చెయ్యను. గుడి మెట్లు ఎక్కేటప్పుడు మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఆమె నా మోచెయ్యి వదల్లేదు. దేవుడు ఏం చేశాడో నాకు తెలియదు, ఆ చెయ్యి మాత్రం తెలుసు.

చావాలనే ఆలోచన ఏ రోజు వచ్చిందని అడిగితే చెప్పలేను. అది ఏడుపుతో రాలేదు. నేను లేకపోతే వీళ్లకు నయం అని, బండలను కొలిచినంత నిదానంగా వచ్చింది. రోజూ వచ్చేది. కొన్నాళ్లకు అదొక్కటే నాతో మాట్లాడేదిగా మిగిలింది. ఎవరికీ చెప్పలేదు. పోలీస్ యాక్షన్ రోజుల్లో ఊళ్లకు ఊళ్లు బెదిరిపోయినప్పుడు మా వాడకట్టులో భయంతో వచ్చినవాళ్ల కోసం తలుపులు తెరిచి ఉంచిన కొద్దిమందిలో నేనొకడిని. అంత కష్టకాలాన్ని దాటినవాడిని ఏ కష్టమూ లేని రోజుల్లో ఇట్లా ఉన్నానని ఎవరితో చెప్పుకోవాలి?

నా దగ్గర మా నాయిన వాడిన ఉలులు ఉండేవి. ఒక రోజు వాటిని గుడ్డలో చుట్టి శరణప్పకు ఇచ్చేశాను. శరణప్ప సేడం దిక్కు నుంచి వచ్చి మా గనిలో రాయి కొట్టేవాడు. కన్నడం ఎక్కువ, తెలుగు తక్కువ. "నాకెందుకు అణ్ణా?" అన్నాడు. "ఉంచుకో" అన్నాను. ఆ సంగతి వాడు మహబూబ్ భాయికి చెప్పాడు.

ఆ సాయంత్రమే మహబూబ్ భాయి మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"శరణప్పకు ఉలులు ఇచ్చినవట."

"ఆఁ."

"మీ నాయినవి గదా."

"ఆఁ."

జేబులో నుంచి బీడీ తీశాడు. ముట్టించలేదు.

"ఒక మాట అడుగుత మల్లేశం. కోపానికి రాకు. చచ్చిపోవాలని అనుకుంటున్నవా?"

మా దగ్గర ఎవరూ ఎవరినీ అట్లా అడగరు. ఆ మాట నోట్లోకి వస్తేనే చెంపలు వేసుకుంటారు. ఆయన మాత్రం బస్సు ఎప్పుడొస్తది అని అడిగినంత మామూలుగా అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. నేను జవాబు చెప్పకపోతే ఇంకో మాట ఎత్తలేదు, లేచి పోలేదు. వాడకట్టులో ఆవులు ఇండ్లకు మళ్లే దాకా అట్లనే కూర్చున్నాడు.

"అవును భాయి" అన్నాను.

ఆయన బీడీని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పినవు, మంచిగయింది" అన్నాడు. తరువాత, "నా తమ్ముడు ఖాసిం యాదికున్నడా? పోలీస్ యాక్షన్ అయినంక ఏడాదికి పోయిండు. జ్వరమొచ్చి పోయిండని అందరికీ చెప్పినం. జ్వరం కాదు. వానికి ఏదో అయితున్నదని నాకు కనబడ్డది. అడిగితే లేని ఆలోచన నేనే పుట్టిస్తనేమో అని భయపడ్డ. అడగలే. ఆ అడగనిదే నన్ను ఇయ్యాల్టి దాక తింటున్నది" అన్నాడు.

ఆయనతో పదేళ్లకు పైగా పనిచేశాను. ఈ మాట ఎన్నడూ చెప్పలేదు.

"నీకు నేనేం సమజాయించి చెప్ప. నాకు తెల్వది. తెలిసిన డాక్టర్ ఉంటడు, పోదం. రేపు పొద్దుగాల బండికి వికారాబాద్. గప్పటి దాక నేను ఈడనే ఉంట."

నర్సమ్మను పిలిచి, నా ముందే, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె లోపలికి పోయి పొయ్యి మీది గిన్నె దించి మళ్లీ వచ్చి కింద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాకు చెప్తే నేను ఇరిగిపోత అనుకున్నవా?" అని మాత్రం అడిగింది.

వికారాబాద్‌లో ఈసారి వేరే డాక్టర్. ఆయన హైదరాబాద్‌లో మానసిక రోగుల ఆస్పత్రిలో కొంతకాలం పనిచేసి వచ్చాడని మహబూబ్ భాయి ఎవరి దగ్గరో కనుక్కున్నాడు. కోస్తా వైపు మనిషి, మాటలో ఆ యాస. స్టెతస్కోప్ తీసి పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుందా? పొద్దున్న పూట మరీ కష్టంగా ఉండి, సాయంత్రానికి కాస్త తెరిపిగా ఉంటుందా? తిండి రుచి పోయిందా? అందరికీ భారమైపోయానని అనిపిస్తుందా?"

నేను ఎవరికీ చెప్పనివి, నాకే సరిగ్గా తెలియనివి, ఈ మనిషి వరుసగా చదువుతున్నాడు. నా ఒక్కడి లోపల, నా చెడ్డతనం వల్ల జరుగుతున్నదనుకున్నది ఎక్కడో పుస్తకాల్లో రాసి ఉన్నదన్నమాట. నాలాంటివాళ్లు వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో తెల్లవారుజామున ఇదే వేళకు లేచి కూర్చుంటున్నారన్నమాట. ఆ గదిలో నాకు కలిగిన ఆశ్చర్యం ఈ రోజుకూ తగ్గలేదు.

"చనిపోవాలన్న ఆలోచన?" అని ఆయన కూడా సూటిగానే అడిగాడు.

ఒకసారి చెప్పినవాడికి రెండోసారి అంత కష్టం కాదు. చెప్పాను.

"దీన్ని డిప్రెషన్ అంటారు. ఇది జబ్బు. మీ గుణం కాదు, మీ తప్పు కాదు. ఎక్స్‌రేలో కనపడదు, అంతే" అన్నాడు. ఇమిప్రమైన్ అనే మాత్రలు రాశాడు. "నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, భయపడకండి. డోస్ నెమ్మదిగా పెంచుదాం. పని చెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతవరకు మందు పని చెయ్యడం లేదనే అనిపిస్తుంది."

తరువాత నర్సమ్మ వైపు, మహబూబ్ భాయి వైపు తిరిగాడు. "ఈ మూడు వారాలూ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో అపాయం చేసే వస్తువులు ఏమున్నా ఈ రోజే తీసేయండి. తిరగబడి తిడతాడు, తిట్టించుకోండి. కాస్త ఓపిక వచ్చి లేచి తిరుగుతున్నప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మనసుకంటే ముందు ఒంటికి బలం వస్తుంది."

"మాత్రల మీద నాకు నమ్మకం లేదు సార్" అన్నాను.

"ఉండక్కర్లేదు. నమ్మకపోయినా అవి పనిచేస్తాయి. ఈ మూడు వారాలు ఈయన్ని నమ్మండి" అని మహబూబ్ భాయిని చూపించాడు.

ఇంటికి వచ్చాక ఆ మూడు వారాలు నాకు గొప్ప విసుగ్గా గడిచాయి. ఇంటికి మనుషుల రాక ఎక్కువైంది. ఎదురింటి ఎల్లవ్వ రోజూ మధ్యాహ్నం పటాలంలో ఉన్న తన కొడుకు రాసిన ఉత్తరం పట్టుకొని వచ్చేది. రోజూ అదే ఉత్తరం.

"నిన్న చదివిన కదవ్వా."

"మల్ల సదువు కొడుకా. ఇనబుద్ధయితున్నది."

అక్షరాలు నా కళ్ల ముందు అల్లుకుపోయేవి. ఒక్క పేజీ చదవడానికి చెమటలు పట్టేవి. ఆమె తొందరపెట్టేది కాదు. చదవడం అయ్యాక కొడుకు చిన్నప్పటి ముచ్చట్లు చెప్పి సాయంత్రం దాకా కూర్చునేది.

శరణప్ప పని దిగగానే ఉలుల మూట పట్టుకొని వచ్చేవాడు. "ఊట ఆయ్తా అణ్ణా?" అని అన్నం తిన్నానో లేదో ముందు అడిగేవాడు. తరువాత మూట విప్పి, "మొన సరిగ్గ లేదు, నాకు చేతగాదు, నువ్వే పెట్టియ్యాలె" అనేవాడు. రాయి కొట్టేవాడికి ఉలికి మొన పెట్టడం రాదా? నాకు అనుమానం వచ్చేది, అడిగే ఓపిక ఉండేది కాదు. సాన మీద ఉలిని నూరుతూ కూర్చునేవాడిని. చేతులకు పని తెలుసు, తల లేకపోయినా చేసేవి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది పక్కింటి వీరారెడ్డి పటేల్. మా రెండు ఇండ్ల మధ్య గోడ గురించి ఆయనకూ నాకూ తగాదా. నాలుగేళ్లుగా మాటల్లేవు. నాకు మెలకువ వచ్చే వేళకే ఆయన లేచి, లాంతరు పట్టుకొని తన ఎద్దులను మా గుమ్మం ఎదుటి తొట్టి దగ్గరికి తోలుకొచ్చేవాడు. వాటికి నీళ్లు పెడుతూ, దగ్గుతూ, తనలో తాను ఏదో అనుకుంటూ తెల్లారే దాకా అక్కడే ఉండేవాడు. నన్ను ఇబ్బంది పెట్టడానికే చేస్తున్నాడనుకున్నాను. అంత పొద్దున్నే ఎవరి మీదనైనా కోపం వచ్చిందంటే అదీ ఒక మేలేనేమో.

నాలుగో వారంలో ఒకరోజు నిద్ర ఐదింటి దాకా పట్టింది. సావిత్రి జడ వేసుకుంటుంటే రిబ్బను ఎర్రగా ఉందని గమనించాను. కొద్దికొద్దిగా పనికి పోవడం మొదలుపెట్టాను. బండ తడితే ఏది ఏమిటో మళ్లీ తెలిసింది. బాగయిపోయాననుకున్నాను. నోరు ఎండిపోతున్నదనీ, ఆ మాత్రలు ఒంటికి వేడి అనీ ఎవరో అంటే, ఇంట్లో చెప్పకుండా మానేశాను.

మూడు వారాలు కాలేదు, మళ్లీ పడిపోయాను. ఈసారి ఇంకా లోతు. పైకి వచ్చి మళ్లీ పడ్డవాడికి ఒక చెడ్డ నమ్మకం కుదురుతుంది, ఇక ఏదీ పనిచెయ్యదని. ఆ ఆలోచన తిరిగి వచ్చి పాత చోటనే కూర్చుంది.

అయితే ఒక తేడా ఉంది. మొదటిసారి ఆ మాట అడిగిన తరువాత మహబూబ్ భాయి నాతో ఒక ఒప్పందం చేయించుకున్నాడు. అది మళ్లీ వస్తే ఏం చెయ్యకముందు తన దగ్గరికి వచ్చి "వచ్చింది" అనే ఒక్క మాట చెప్పాలి. ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఇంటి నుంచి లేచి గనికి నడిచాను. మైలు దూరం కూడా ఉండదు. నా జీవితంలో అంత దూరం ఎన్నడూ నడవలేదు. ఆయన రాళ్ల మధ్య కూర్చొని సుత్తి ఎత్తి ఉన్నాడు. నన్ను చూసి దించాడు.

"వచ్చింది భాయి" అన్నాను.

ఆయన అక్కడే సుత్తి వదిలేసి నా వెంట వచ్చాడు. ఆ రోజు నేను ఎట్లా నడవగలిగానో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చావాలనుకున్న మనిషే, బతికించే మనిషి దగ్గరికి తన కాళ్లతో నడిచిపోయాడు. ఒకే ఒంట్లో ఆ ఇద్దరూ ఉన్నారు.

డాక్టర్ తిట్టలేదు. "రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టింది. మాత్రలు మీ అంతట మీరు ఆపితే ఇలాగే అవుతుంది. తప్పు నాది కూడా, గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు. వికారాబాద్‌లోనే వార్డులో అడ్మిట్ చేసుకొని డోస్ పెంచాడు. నర్సమ్మ నా మంచం పక్కనే చాప పరుచుకుంది. సావిత్రిని ఎల్లవ్వ తన దగ్గర పెట్టుకుంది. రోజూ రౌండ్స్‌కు వచ్చినప్పుడు డాక్టర్ "ఈ రోజు ఆ ఆలోచన ఉందా?" అని బీపీ చూసినంత మామూలుగా అడిగేవాడు. ఉంటే ఉందని చెప్పేవాడిని. ఆయన చార్టులో రాసుకొని ముందుకు పోయేవాడు. చెప్పుకోరాని ఆ మాట రోజుకొకసారి పగటి వెలుతురులో బయటికి వచ్చి కొంచెం కొంచెం చిన్నదైపోయింది.

పంతొమ్మిదో రోజనుకుంటా. నర్సమ్మ ఆస్పత్రి వెనుక రాళ్ల పొయ్యి మీద జొన్న రొట్టె కాల్చి, ఎల్లిగడ్డ కారం, నూనె వేసి పెట్టింది. అలవాటుగా ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక మండింది.

నమలడం ఆపి అట్లనే కూర్చున్నాను.

"ఏమైంది?" అన్నది.

"కారం ఉన్నది."

"ఎక్కువైందా? ఇంత నూనె ఏస్త ఆగు."

"లేదు నర్సమ్మా. కారం ఉన్నది."

అప్పుడు ఆమెకు అర్థమైంది. చేతిలో నూనె గిన్నె అట్లనే పట్టుకొని నా ముఖం చూస్తూ ఉండిపోయింది. ఎల్లిగడ్డ వాసన, కాలిన జొన్న వాసన, ఉప్పు, అన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. అప్పుడే పుట్టిన పిల్లవాడికి లోకం ఇట్లనే వస్తుందేమో, తెలియదు. నాలుగు రొట్టెలు తిన్నాను. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, కారం వల్ల కొన్ని. పక్క మంచం ముసలాయన ఏమైందని అడిగితే, నర్సమ్మ "ఏం కాలే తాతా, తింటున్నడు" అన్నది.

ఇంకో వారానికి డిశ్చార్జ్ చేశారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. బయట కంది చేలు పూత మీద ఉన్నాయి. పసుపు రంగు అంత పసుపుగా ఉంటుందని మర్చిపోయాను. అప్పుడు నర్సమ్మ చెప్పింది.

ఆ మూడు వారాల్లో వచ్చినవాళ్లెవరూ ఊరికే రాలేదు. మహబూబ్ భాయి ఇంటింటికీ తిరిగి, మల్లేశం పాణం బాగ లేదు, ఒక్కడే ఉండొద్దన్నడు డాక్టర్ అని చెప్పాడట. ఎందుకని కొందరు అడగలేదట, తెలిసినవాళ్లు బయటపెట్టలేదట. వంతులు వేసుకున్నారు. పొద్దున ఒకరు, నర్సమ్మ నీళ్లకు పోయే వేళకు ఒకరు, మధ్యాహ్నం ఎల్లవ్వ, సాయంత్రం శరణప్ప. ఆమె వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పింది. పదకొండు మంది.

"మరి తెల్లారుజామున?" అన్నాను. నాకు అన్నిటికంటే కష్టమైన వేళ అదే.

"పటేల్" అన్నది.

"ఏ పటేల్?"

"మన పక్కింటి వీరారెడ్డి పటేల్. ఆయన్ని ఎవ్వరు అడగలే. మహబూబ్ భాయి అందరితోని మాట్లాడుతుంటె గోడ అవుతల నుంచి ఇన్నడట. ఆ యాళ్లకు ఎట్లైన నేను లేస్త, నా ఎద్దులకు నీళ్లు పెట్టుకుంట ఉంట అన్నడట."

రైలు తాండూరు చేరే దాకా ఆ పేర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, పటేల్‌తో కలిపి పన్నెండు. నేను ఎవరికీ అక్కరలేదని రుజువులు పోగుచేసుకుంటూ కూర్చున్న రోజుల్లో, నా గుమ్మం ముందు పన్నెండు మంది పగలనకా రాత్రనకా తిరిగారు. అది నా కళ్ల ముందే జరిగింది. నాకు కనిపించలేదు. ఆ జబ్బు కళ్లకు అట్లాంటి పొర కమ్ముతుంది. గుళ్లో గాని దర్గాలో గాని తల వంచినప్పుడు నాకు ఇప్పుడు మొదట గుర్తొచ్చేది ఆ వంతుల సంగతే.

మరునాడు వీరారెడ్డి పటేల్ ఇంటికి పోయాను. నాలుగేళ్ల తరువాత ఆ గడప తొక్కాను. తెల్లారుజాముల సంగతి తెలిసిందన్నాను.

"ఎద్దులకు నీళ్లు పెట్టిన. గంతే" అన్నాడు. కూర్చోమని పీట చూపించి, "గోడ సంగతి గోడ సంగతే, మల్లేశం. అది నేను ఇడిచిపెట్ట" అన్నాడు. ఇద్దరికీ నవ్వు వచ్చింది. గోడ తగాదా ఇంకా తేలలేదు.

ఇది జరిగి ఆరేళ్లవుతున్నది. మాత్రలు ఏడాదికి పైగా వాడాను. ఆపేటప్పుడు డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించి ఆపాడు. మధ్యలో ఒకసారి, అరవై ఐదులో, నిద్ర మళ్లీ మూడింటికి చెదరడం మొదలైంది. వారం కూడా ఆగకుండా నర్సమ్మకు, మహబూబ్ భాయికి చెప్పి వికారాబాద్ బండి ఎక్కాను. మొదట్లోనే పట్టుకున్నాం గనుక అది ముదరలేదు. పూర్తిగా పోయిందని నేను అనను. వస్తే ఏం చెయ్యాలో తెలుసునంటాను. సావిత్రి ఇప్పుడు వికారాబాద్‌లో చదువుకుంటున్నది. తనకు పదిహేనేళ్లప్పుడు అడిగితే దాచకుండా అన్నీ చెప్పాను. విని, "అప్పుడు నా మీద కోపమొచ్చి మాట్లాడతలేవనుకున్న నాయినా" అన్నది. పిల్లలకు చెప్పకపోతే వాళ్లు తమకు తోచిన కారణం వెతుక్కుంటారు.

పోయిన ఏడు నర్సమ్మ తల్లిగారి ఊరు యాలాల్ నుంచి కబురు వచ్చింది. ఆమెకు వరుసకు తమ్ముడు చంద్రయ్య, మంచి రైతు, పొలం పోవడం మానేశాడని. ఎడ్ల జతను తన తమ్మునికి తోలిచ్చి, తనకు ఇక వాటితో పని లేదన్నాడట. పోయి పక్కన కూర్చున్నాను. మహబూబ్ భాయి నన్ను అడిగినట్టే అడిగాను.

"ఏం మాటలు మాట్లాడుతున్నవ్ బావా?" అని మీదికి వచ్చాడు. "నీకు తల తిరిగింది గదాని అందరికీ తిరుగుతదా?"

నేను లేవలేదు. "తిరిగింది నిజమే. గందుకే అడుగుతున్న" అన్నాను. ఎండ వాలి నీడ పడింది. వాళ్లావిడ రెండుసార్లు వచ్చి చూసి పోయింది. చివరికి వాడు నేల చూస్తూ, "పిల్లల్ని జర అవుతలికి పంపు బావా. చెప్త" అన్నాడు. మరునాడు వాడు, వాళ్లావిడ, నేను, ముగ్గురం వికారాబాద్ బండిలో ఉన్నాం. ఈ ఏడు వాడి కంది బాగా వచ్చిందని విన్నాను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీవాళ్లలో ఎవరైనా నిద్రా రుచీ పోయి, తమకు ఇష్టమైన వస్తువులు పంచిపెడుతూ, నేను లేకపోయినా నడుస్తుంది అనే తీరుగా మాట్లాడితే, అనుమానం దాచుకోకండి. చావాలని ఉందా అని ఆ మాటతోనే అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ముందే ఉంటే బయటికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. అడగడానికి ఒక్క నిమిషం పట్టదు. జవాబు రావడానికి మాత్రం పొద్దంతా పట్టవచ్చు. అంతవరకు అక్కడి నుంచి లేవకండి.